కథ యనెడి ఓషధి

నవవిధ భక్తులను ప్రహ్లాదుడు తన తండ్రి యెదుట వివరించినప్పుడు తొలి స్థానమును శ్రవణమునకే యిచ్చెను. కీర్తనము మొదలు ఆత్మనివేదనము వరకు గల తక్కిన యెనిమిదియు ఆ యొక్క మొలక నుండి సాగిన కొమ్మలే. వినని వాడు దేనిని కీర్తించును? దేనిని స్మరించును? ఇది మన యిండ్లలో అందరును ఎరిగినదే. ఐనను నేడు యువకుల నోట ఒక సందేహము తరచుగా వినవచ్చుచున్నది. దానిని కసరి త్రోసిపుచ్చుట తగదు. ఏలయన, అది మంచి సందేహము.

తెనాలికిని రేపల్లెకును అందుబాటులో, కృష్ణానది కుడిగట్టు సీమలో నున్న మా కొల్లూరు ప్రాంతము కథలకు అలవాటుపడిన నేల. 2022 నుండి ఇది బాపట్ల జిల్లాలో చేరినది. మా మండలమున కిష్కింధపాలెమను ఊరే యున్నది. రామకథ యిచట గ్రంథములలోనే గాక గ్రామనామములలో కూడ నిలిచినది. శ్రీరామనవమి పందిళ్లలో హరికథ వినుచు, అమ్మమ్మల ఒడిలో నిద్రించి, పట్టాభిషేక ఘట్టమున మేల్కొని ప్రసాదము తిని పెరిగిన వారము మేమందరము. అట్టి చోటనే యిప్పటి పిల్లలు అడుగుచున్నారు: "ధ్రువునకు కడపట నక్షత్రపదము లభించునని అందరికి తెలియును. రావణుడు చచ్చునని తెలియును. తెలిసిన కథను మరల మరల వినుటయేల? ఐనను, కథ వినినంత మాత్రమున మనుష్యునకు ఏమగును?"

ఈ ప్రశ్నలో రెండు ప్రశ్నలు గలవు. కథ యేమి చేయగలదు అనునది మొదటిది. తెలిసిన కథ వలన ప్రయోజనమేమి అనునది రెండవది. ఈ రెంటికి మూడవదానిని నేను చేర్చుచున్నాను. కథకు నిజముగా బలమున్నచో, ఆ బలమునకు ఎవరు బాధ్యులు? చెప్పువాడా, వినువాడా?

పందొమ్మిదేండ్ల కథకుడు

1883వ సంవత్సరమున చెన్నపట్టణము నుండి కుప్పుస్వామి నాయుడను భాగవతుడు విజయనగరమునకు వచ్చి హరికథ చెప్పెను. ఆనాటి శ్రోతలలో పందొమ్మిదేండ్ల యువకుడొకడు ఉండెను. అతడు 1864లో అజ్జాడ గ్రామమున జన్మించినవాడు. పాట అతనికి పుట్టుకతో వచ్చినది. పద్యమును చిన్ననాటనే పట్టుబడినది. కాని పాటయు, పద్యమును, వచనమును, అభినయమును, నృత్యమును ఒక్క మనుష్యుని యందు ఒక్క కథ కొరకు కలసి నిలిచి, వందలాది జనులను కదలనీయకుండ కూర్చుండబెట్టుట చూచి అతని మనస్సు వెలిగినది. కథకు గల బలము ఆ దినమున అతనికి గోచరించినది. అతడు చూచి ఆనందించి ఊరకుండలేదు; తానే ధ్రువచరిత్రమును హరికథగా రచించి చెప్పెను. అతడే తరువాత హరికథా పితామహుడని లోకమంతయు కొనియాడిన శ్రీమదజ్జాడ ఆదిభట్ల నారాయణదాసుగారు. కాలికి గజ్జె, చేత చిరుతలు, కంఠమున దేశమే చెవియొగ్గిన నాదము గల ఆ మహనీయుడు 1919లో విజయనగరమున స్థాపితమైన సంగీత కళాశాలకు తొలి అధ్యక్షుడై, 1945లో పరమపదించెను.

ఇచట గమనింపవలసిన దొకటి గలదు. పందొమ్మిదేండ్ల ప్రాయమున సభను వశపరచుకొను విద్య చేతికి చిక్కినవాడు, ఏ శృంగారగాథనో, ఏ యుద్ధగాథనో యెన్నుకొనవచ్చును. ఆయన యెన్నుకొన్నది తండ్రి తొడపై కూర్చుండబోయి అవమానింపబడిన ఐదేండ్ల పసివాని కథ. ఆ యెన్నికలో ఒక అర్థము గలదు. దానిని ముందు విచారింతము.

నారాయణదాసుగారు అనేక భాషలు నేర్చిరి. అందు పారసీకమొకటి. నైశాపురమున పుట్టిన ఉమర్ ఖయ్యాము (1048–1131) రుబాయీలను, పారసీక మూలమును, ఫిట్జ్‌జెరాల్డు ఆంగ్లానువాదమును ఎదుట నిడుకొని, సంస్కృతమునకును తెలుగునకును తెచ్చి 1932లో వెలువరించిరి. హరికథ చెప్పు దాసునకు ఆ దూరదేశపు మాట ఏల కావలసివచ్చెనని కొందరు ఆశ్చర్యపడుదురు. కాని కథావిద్య విషయమున మనకును ఆ దేశమునకును గల సంబంధము క్రొత్తది కాదు. దాదాపు పదునైదు వందల యేండ్ల నాటిది. కథకు బలమెట్టిదో తెలిసికొనుటకు ఆ దేశమున పుట్టిన రెండు వృత్తాంతములు మనకు మిక్కిలి యుపకరించును.

మృతసంజీవని కొరకు వచ్చిన వైద్యుడు

పారసీక చక్రవర్తి ఖుస్రో అనూషిర్వాన్ క్రీ.శ. 531 నుండి 579 వరకు రాజ్యమేలెను. ఆయన కొలువులో బుర్జోయ్ అను వైద్యుడుండెను. భారతదేశపు పర్వతములపై మృతులను బ్రతికించు ఓషధి గలదని విని, ఆ వైద్యుడు రాజు సెలవు పొంది యిచటికి వచ్చెనట. కొండలన్నియు తిరిగి, ఆకులన్నియు నూరి చూచెను. ఒక్క శవమును లేవలేదు. అంతట ఒక వృద్ధ జ్ఞాని ఆయనకు రహస్యము చెప్పెను. పర్వతమనగా విద్వాంసుడు, ఓషధి యనగా సద్వాక్యము, మృతుడనగా అజ్ఞాని. ఆ ఓషధి మీ కంటికి చెట్టుగా కనబడదు, రాజభాండారమున గ్రంథరూపమున నున్నది. ఆ గ్రంథము మరేదియు కాదు. విష్ణుశర్మ మూఢులైన మువ్వురు రాజకుమారులకు ఆరు నెలలలో నీతి గరపుటకు చెప్పిన పంచతంత్రమే. ఈ గాథను పారసీక మహాకవి ఫిరదౌసి తన షాహనామాలో చెప్పియున్నాడు.

బుర్జోయ్ ఆ కథలను తన దేశపు పహ్లవీ భాషలోనికి మార్చుకొని పోయెను. ఎనిమిదవ శతాబ్దమున ఇబ్నుల్ ముకఫ్ఫా దానిని అరబ్బీలో "కలీలా వ దిమ్నా" అను పేర వ్రాసెను. మన కరటక దమనకులను నక్కలకు వచ్చిన పేర్లే అవి. అక్కడి నుండి ఆ కథలు ఐరోపా భాషలన్నిటికిని ప్రాకినవి. మనకు 1853లో చిన్నయసూరిగారు నీతిచంద్రికగా అందించిన మిత్రలాభ మిత్రభేదములు ఆ వృక్షపు కొమ్మలే.

చక్రవర్తి మిక్కిలి సంతసించి, భాండారమును తెరిపించి, కోరినంత ధనము గైకొమ్మని వైద్యుని ఆజ్ఞాపించెను. రాజు మాట త్రోసిపుచ్చరాదని బుర్జోయ్ ఒక్క వస్త్రము మాత్రము తీసికొనెను. ధనమునకు బదులుగా ఒక్కటే వేడుకొనెను: ఆ గ్రంథారంభమున తన జీవితమును గురించి ఒక అధ్యాయము చేర్పించుమని. ఓషధిని తెచ్చిన వైద్యుడు వెల గొనలేదు. ఈ మాటను పాఠకులు జ్ఞప్తియందుంచుకొనవలెను. మరల దీని అవసరము వచ్చును.

వేయి రాత్రుల కథకురాలు

రెండవ వృత్తాంతము కల్పితమే యైనను ప్రపంచమంతయు ఎరిగినది. సాసాను వంశపు రాజొకడు భార్య చేసిన ద్రోహమునకు గుండె మండి, స్త్రీజాతిపై పగబూని, దినమునకొక కన్యను పెండ్లాడి మరునాటి యుదయమున చంపించుచుండెను. దేశమున కన్యలు కరవగుచుండగా, మంత్రి కుమార్తె షహరజాదు తానుగా ముందుకు వచ్చి ఆ రాజును వరించెను. తండ్రి యెంత వారించినను వినలేదు. తన ప్రాణముతో బాటు తనవంటి కన్యల ప్రాణములను కూడ నిలుపవలెనని ఆమె సంకల్పము. రాత్రి చెల్లెలు అడిగినట్లుగా కథ ప్రారంభించును. తెల్లవారునప్పటికి కథ నడుమ నుండును. "తరువాత నేమాయెను?" అను ఒక్క కోరిక రాజు చేతిలోని కత్తిని ఆపినది. ఇట్లు వేయిన్నొక్క రాత్రులు. అరబ్బీలో పెరిగిన ఈ గ్రంథమునకు "హజార్ అఫ్సాన", అనగా వేయి కథలు, అను పారసీక గ్రంథము మూలమని పదియవ శతాబ్దపు రచయితలైన మసూదీ, ఇబ్నుల్ నదీము వ్రాసియున్నారు.

ఈ కన్య చేసిన పనిని మన ఆలంకారికుల కంటితో చూడవలెను. ఉపదేశము మూడు విధములని మమ్మటాచార్యుడు కావ్యప్రకాశమున నిరూపించెను. వేదము ప్రభువు వలె శాసించును. పురాణము మిత్రుని వలె హితము చెప్పును. కావ్యము కాంత వలె మనస్సును కరగించి త్రిప్పును. "స్త్రీహత్య పాపము" అని ఆ రాజుతో ఎవరైన ప్రభువు వలె పలికినచో వాని శిరస్సు నిలిచెడిది కాదు. మిత్రుని వలె పలికినచో చెవినబడెడిది కాదు. ఆమె వాదింపలేదు, నిందింపలేదు, ఏడ్వలేదు, కథ చెప్పెను. కోపమునకు కావలసినది తొందర. కథ ఆ తొందరను హరించినది. రాత్రి వెంట రాత్రి ఇతరుల సుఖదుఃఖములలో నివసించిన రాజు తన దుఃఖము నుండి వెలికి వచ్చినాడు.

ఈ విద్య మనకును కలదు. శుకసప్తతిలో భర్త పరదేశమున నుండగా దారి తప్పబోవు ప్రభావతిని ఇంటి చిలుక డెబ్బది రాత్రులు కథలు చెప్పి యింట నిలిపినది. ఆ చిలుకయే 1330లో నఖ్షబీ వ్రాసిన "తూతీనామా"గా పారసీక భాషకు ఎగిరిపోయినది. మన కదిరీపతి దానిని తెలుగు చేసెను.

కావున కథ యేమి చేయగలదను మొదటి ప్రశ్నకు ఒక సమాధానము లభించినది. కథ కాలమును సంపాదించి యిచ్చును. కత్తికిని కంఠమునకును నడుమ, తప్పునకును తలపునకును నడుమ, కొంత యెడమును కల్పించును. ఇది చిన్న మేలు కాదు. కాని కథ చేయగలిగిన మేలు ఇంతేనా?

చిలుక కాని శుకుడు

ఇక్కడ మన భాగవతమును తెరువవలెను. శృంగి శాపము తగిలిన పరీక్షిన్మహారాజునకు ఏడు దినములే మిగిలినవి. గంగాతీరమున ప్రాయోపవేశముననున్న ఆయన యెదుటికి శుకయోగి వచ్చెను. ఆయన వయస్సు పదునారేండ్లని భాగవతము చెప్పుచున్నది. మహర్షులందరు లేచి నిలువబడిరి. కథ చెప్పుటకు పూనుకొన్నవాడు వారందరిలో పిన్నవాడు.

షహరజాదు కథకును శుకుని కథకును గల భేదము చూడుడు. అక్కడ కథ చెప్పువారి మెడపై కత్తి. ఇక్కడ కథ వినువాని మెడపై మృత్యువు. అక్కడ కథ చావును వాయిదా వేయును. ఇక్కడ కథ చావును ఒక్క ఘడియయైనను వాయిదా వేయలేదు. ఏడవనాడు తక్షకుడు రానే వచ్చెను, కరువనే కరచెను. ఐనను పరీక్షిత్తు కథాంతమున, తనకు తక్షకుని వలన గాని మృత్యువు వలన గాని భయము లేదని పలికెను. మరణమును నిలుపుట యొక బలము. మరణభయమును నిలువున తీసివేయుట మరియొక బలము. మొదటిదానితో రేపు దొరకును. రెండవదానితో నేడు దొరకును.

ఈ సందర్భముననే భారత భాగవతములు రెండును చెప్పిన యొక చిన్న వృత్తాంతము మనము తరచుగా మరచిపోవుచుందుము. పరీక్షిత్తును విషము నుండి బ్రతికింపగల కశ్యపుడను విషవైద్యుడు బయలుదేరి వచ్చుచుండెను. దారిలో తక్షకుడు ఆయనను కలిసికొనెను. తక్షకుడు కాటువేసి బూడిద చేసిన మర్రిచెట్టును కశ్యపుడు మరల చిగిర్పజేసెనని భారతము చెప్పును. విద్య నిజమైనదే; సందేహము లేదు. కాని తక్షకుడు ధనమిచ్చెను. కశ్యపుడు పుచ్చుకొని వెనుదిరిగెను.

ఇది కఠినమైన సత్యము. ఓషధి దారిలో అమ్ముడుపోయినది. కథ అమ్ముడుపోలేదు, నడచివచ్చినది. శుకునకు ధనము చూపి వెనుకకు మరల్పగలవాడెవడు? కట్టుబట్టకైన అపేక్ష లేని వానికి ఏమి యిచ్చి కొందురు? బుర్జోయ్ వెదకిన మృతసంజీవని యేదో మనకు ఇచట స్పష్టమగుచున్నది. దేహమును లేపునది కాదు. దేహము పడిపోవుచుండగా లోపలివానిని లేపునది.

తెలిసిన కథ

ఇక రెండవ ప్రశ్నకు వత్తము. షహరజాదు కథలోని పట్టు అంతయు తెలియనితనమున నున్నది. "తరువాత నేమి" అనునదే దాని ప్రాణము. అది తెలిసిన దినమున ఆ పట్టు సడలును. హరికథలో అట్లు కాదు. కథ మొదలుపెట్టక మునుపే కడపటి ఘట్టము ఆబాలగోపాలమునకు తెలియును. పరీక్షిత్తుకు తన కథ యొక్క ముగింపు కూడ తిథితో సహా తెలియును. ముగింపు తెలిసినవాడే వినగలిగిన కథ యది. "తరువాత నేమి" అను ప్రశ్న అణగిన పిదప "నేనేమి" అను ప్రశ్న లేచును.

నారాయణదాసుగారు తొలుత ఎన్నుకొన్న ధ్రువచరిత్రమునే తీసికొందము. ఐదేండ్ల పిల్లవాడు వినునప్పుడు అతనికి వినబడునది తండ్రి తొడ. తమ్మునకు దొరికి తనకు దొరకని ఆ చోటు కొరకు వాని పెదవి వణకును. ముప్పదియేండ్ల తల్లి వినునప్పుడు ఆమెకు సునీతి వినబడును. సురుచి మాట బాణమై తగిలిన బిడ్డతో సునీతి ప్రతిబాణము వేయుమనలేదు. సవతి పలికినదానిలో గల సత్యమును గ్రహించి నారాయణుని శరణువేడుమనెను. కన్నీటితో నుండి కూడ అంత మాట పలుకుటకు ఎంత గుండె కావలెనో తల్లియైన తరువాతనే తెలియును. అరువదియేండ్లు దాటినవాడు వినునప్పుడు మరియొక చోటు వినబడును. హరి ప్రత్యక్షమై వరమిచ్చిన పిదప ధ్రువుడు పూర్తిగా సంతసింపలేదని భాగవతము చెప్పుచున్నది. మోక్షమీయగల స్వామి యెదుట నిలిచి, తాను పంతము కొరకు పదవిని కోరితినే యని ఆ బాలుడు వగచెను. నా వయస్సు వచ్చువరకు ఈ ఘట్టమున ఎవరి కంటను నీరు రాదు. వచ్చినప్పుడు ఆగదు.

కథ మారలేదు. వినువాడు మారెను. తెలియని కథ ఒక్కమారు మాత్రమే క్రొత్తది. తెలిసిన కథ మనము మారినప్పుడెల్ల క్రొత్తది. పందొమ్మిదేండ్ల కథకుడు ఆ పసివాని కథను ఎన్నుకొనుటలోని ఔచిత్యమిది. ఖయ్యాము పద్యములలో ఆయుస్సు క్షణభంగురమను వేదన గలదు. దానిని ఆదరించి తెలుగు చేసిన దాసుగారే, ఆ వేదనకు ధ్రువమైన చోటొకటి కలదని జీవితాంతము గజ్జెకట్టి చాటిరి. ప్రశ్నను గౌరవించుటయు, సమాధానమును పాడుటయు ఒక్కనియందే కుదిరినవి.

బలమునకు బాధ్యత

కథకు బలము గలదన్నంతనే అది మంచిదని తలపరాదు. అగ్ని వంటింటనుండును, కొంపను కాల్చును. అయోధ్యలో మంథర చేసినదేమి? ఆమె కూడ కథయే చెప్పెను. రాముని పట్టాభిషేకవార్త వినగానే సంతోషముతో ఆభరణమును బహుమానముగా నిచ్చిన కైక యెదుట, రాబోవు దినములలో ఆమె దాసిగా నుండవలసివచ్చునని, భరతునకు నిలువ నీడ యుండదని ఒక్కొక్క చిత్రమును చూపెను. ఒక్క సంధ్యలో తల్లి మనస్సు విరిగినది. కథకు స్వతంత్రముగా ధర్మము లేదు. చెప్పువాని హృదయమే దానికి ధర్మమో అధర్మమో అగును.

ఐతే మంచి హృదయము మాత్రము చాలునా? దీనికి మన సంప్రదాయమున కులశేఖరాళ్వారుల వృత్తాంతమొకటి గలదు. ఆయన రామాయణ శ్రవణమున తన్ను తాను మరచువాడు. జనస్థానమున పదునాలుగువేల రాక్షసులతో రాముడొక్కడే పోరుచున్నాడని విని, సహాయమునకు పోవలెనని సేనను ఆయత్తపరచెనట. ఆ స్వభావమెరిగిన పౌరాణికుడు నాటినుండి దుఃఖఘట్టములను తేలికగా దాటించి, విజయఘట్టములను విస్తరించి చెప్పుచుండెను. ఒకనాడు ఆయనకు పని కలిగి తన కుమారుని పంపెను. ఆ పిన్నవాడు విషయమెరుగక సీతాపహరణమును ఉన్నది ఉన్నట్లు చెప్పెను. రాజు కత్తి దూసి సేనతో లంకకు బయలుదేరి సముద్రమున దిగెను. సీతారాములే ప్రత్యక్షమై ఆయనను ఒడ్డునకు తెచ్చిరని పెద్దలు చెప్పుదురు. ఆ బాలకథకుని యందు దోషము లేదు, అసత్యము లేదు. కాని ఎదుట కూర్చున్నవాడెవడో ఎరుగడు. తన నాలుకకు ఎంత బలమున్నదో ఆ దినమున ఎంతటి భయముతో తెలిసికొనియుండునో!

ఈ యెరుకకు ఆదర్శము హనుమంతుడు. అశోకవనమున సీతాదేవి ప్రాణత్యాగమునకు సిద్ధపడిన క్షణమున, శింశుపావృక్షముపై ఆకుల మాటున కూర్చున్న ఆయన ముందుగా ఆలోచించినది ఏమి చెప్పవలెనని కాదు, ఏ భాషలో చెప్పవలెనని. పండితుని వలె సంస్కృతమున పలికినచో రావణుడేమో యని ఆ తల్లి భయపడును. కావున సామాన్య మనుష్యుల మాటతో, మెల్లగా, దశరథుని నుండి మొదలుపెట్టి రామకథ చెప్పెను. వినుచున్న వారి భయమెట్టిదో తెలిసికొని, దానికి తగిన మాటను వెదకుకొనెను. తాను కనబడలేదు, కథ వినబడినది. ఒక ప్రాణము నిలిచినది. కథకుడు ఆకుల మాటున నుండవలెను, కథ యెదుట నుండవలెను అనుటకు ఇంతకన్న ప్రమాణమేల? హరికథ నడుమ పిట్టకథలు చెప్పుటలో తప్పు లేదు; కూరలో ఉప్పు వలె అవి కావలసినవే. కాని ఇంటికి పోవుచు శ్రోత హరిదాసుగారి చమత్కారమునే తలచుకొని నవ్వుచు, హరిని మరచినచో ఉప్పే కూరయైనదని యెరుగవలెను.

వెలయు, సంభావనయు

మిగిలినది ధనము మాట. రామాయణమును మొట్టమొదట లోకమునకు పాడినవారు ఇద్దరు బాలురు. కుశలవులు మునుల సభలో పాడగా, ఆనందించిన మునులు ఒకరు కలశము, ఒకరు వల్కలము, ఒకరు కృష్ణాజినము, ఒకరు కమండలువు ఇచ్చిరని బాలకాండ చెప్పుచున్నది. ఉత్తరకాండలో అశ్వమేధ సమయమున శ్రీరాముడు పదునెనిమిది వేల సువర్ణములు ఇప్పించబోగా, వారు వలదనిరి. కందమూలములు తిని వనమున నుండు మాకు బంగారముతో పనియేమని అడిగిరి. ఒకచోట గ్రహించి, మరియొకచోట నిరాకరించుటలో విరోధము లేదు. కథను కొనసాగించుటకు కావలసినది సంభావన, అది పుచ్చుకొనదగినది. కథను కొనుటకు ఇచ్చునది వెల; అది త్రోయదగినది. బుర్జోయ్ ఒక్క వస్త్రము గైకొని భాండారమును విడిచెను. మన పోతనామాత్యుడు భాగవతమును శ్రీరామునకే అంకితమిచ్చెను. విద్యకు వెల కట్టుకొన్న కశ్యపుడు మాత్రము రావలసిన చోటికి రాలేకపోయెను.

ఇంతవరకు చెప్పినది కథకుని ధర్మము. శ్రోతకును ఒక ధర్మము గలదు. కథకుడు అడుగరాదు, శ్రోత మరువరాదు. నేడు పందిళ్లలో ధ్వనివర్ధకములు పెరిగినవి, హరిదాసులు తగ్గిరి. దీపాలంకరణకు వెచ్చించుటలో వెనుదీయని ఊళ్లు, రాత్రియెల్ల నిలువుకాళ్లపై నిలిచి పాడు హరిదాసుతో బేరమాడుచున్నవి. కుశలవులు బంగారమును నిరాకరించుట వారి గొప్ప. దానిని సాకుగా చూపి మనము వారిని ఆకలితో పంపుట మన గొప్ప కానేరదు. కపిలేశ్వరపురమునందలి సర్వరాయ హరికథా పాఠశాల వంటి చోట్ల ఈ విద్యను నేర్చిన యువతీయువకులు గలరు. వారిని పిలుచుట, ఆదరించుట, ముందు వరుసలో కూర్చుండి వినుట మనకు విధి.

గృహస్థులకు ఒక విన్నపము. ప్రతి యింట ఒక కథకుడు ఉండుట అసాధ్యము కాదు. రాత్రి భోజనానంతరము దూరదర్శనమును, చరవాణిని ప్రక్కన పెట్టి, అర్ధఘంట కాలము పిల్లలకు ఒక్క ఘట్టము చెప్పినచో చాలును. పెద్దవారు చెప్పుటయే కాదు, పిల్లలచేత చెప్పించుడు. పదేండ్ల మనుమడు తడబడుచు గజేంద్రమోక్షము చెప్పినప్పుడు తాత తలయూచి వినవలెను. తప్పులు దిద్దుటకు రేపు కలదు. తాను చెప్పినది ఎదుటివాని కంట నీరైనదని చూచిన పిల్లవానికి ఆ క్షణమున రెండు విషయములు తెలియును: మాటకు ఎంత బలమున్నదో, దానిని ఎంత జాగరూకతతో వాడవలెనో. ఆ రెండును కలసి తెలిసినవాడు పెరిగి మంథర కాడు.

దేహమున్నంతవరకు వైద్యుడు కావలెను, మందు కావలెను, ఎవరును కాదనరు. కాని ప్రతివారికిని ఏడు దినములే గలవు. ఆదివారము మొదలు శనివారము వరకు గల ఆ యేడింటిలో ఏదో యొక దినముననే తక్షకుడు వచ్చును. ఆ దినము నాటికి చెవిలో మిగిలియుండు ఓషధి హరికథ యొక్కటియే. అది కొండలపై మొలవదు, అంగడిలో దొరకదు. ఒక నోటి నుండి వెలువడి ఒక చెవిలో నాటుకొనును. చెప్పువారికి వినయమును, వినువారికి శ్రద్ధను ఆ శ్రియఃపతి ప్రసాదించుగాక.